హైస్పీడ్ రైలు మార్గాలకు గిరాకీ అంచనా: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల నేపథ్యం

(నేపథ్య వ్యాసం – పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం)

2026 ఫిబ్రవరి 1న పార్లమెంటుకు సమర్పించిన 2026-27 కేంద్ర బడ్జెట్టులో దేశమంతటా ఏడు హైస్పీడ్ రైలు కారిడార్లను ప్రకటించడం జరిగినది. వీటిలో పుణె–హైదరాబాదు, హైదరాబాదు–బెంగళూరు, హైదరాబాదు–చెన్నై, చెన్నై–బెంగళూరు కారిడార్లు తెలుగు ప్రజల రాకపోకలతో నేరుగా ముడిపడి ఉన్నవి. హైదరాబాదు–చెన్నై ఆలోచన కొత్తది కాదు. 2009 డిసెంబరులో రైల్వే మంత్రిత్వ శాఖ విడుదల చేసిన 'విజన్ 2020' పత్రంలోనే హైదరాబాదు–డోర్నకల్–విజయవాడ–చెన్నై మార్గాన్ని 664 కిలోమీటర్ల హైస్పీడ్ కారిడార్‌గా పేర్కొన్నారు.

ఇటువంటి ప్రకటన వెలువడిన ప్రతిసారీ జిల్లాలలో మొదట వినిపించే ప్రశ్న "మాకు స్టేషన్ వస్తుందా?" అన్నది. అంతకన్నా ముందుగా తేలవలసిన ప్రశ్న మరొకటి కలదు: ఆ రైలును ఎవరు ఎక్కుతారు, ఎంతమంది ఎక్కుతారు, ఎంత ఛార్జీ చెల్లించగలరు? దీనినే గిరాకీ అంచనా అంటారు. వేల కోట్ల రూపాయల వ్యయం, రైతుల భూమి, ముందు తరాలు తీర్చవలసిన రుణం ఈ అంచనాపైననే ఆధారపడి ఉంటాయి.

నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఉదయగిరి, ఆత్మకూరు పట్టణాలలో నేటికీ రైల్వే స్టేషన్ లేదు. రైలే లేని చోట హైస్పీడ్ రైలు గిరాకీని ఎట్లా లెక్కించాలి? వర్ధమాన దేశాలన్నిటికీ ఎదురయ్యే ఈ సమస్యను ఈ రెండు పట్టణాల నుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గిరాకీని ఎట్లా అంచనా వేస్తారు?

ప్రయాణ గిరాకీని నాలుగు అంచెలలో లెక్కించడం సాధారణ పద్ధతి. ఒక ప్రాంతం నుండి మొత్తం ఎన్ని ప్రయాణాలు బయలుదేరుతాయో చూడడం మొదటి అంచె. అవి ఏ ఊళ్లకు వెళ్తాయో చూడడం రెండవది. బస్సు, రైలు, కారు, విమానాలలో దేనిని ఎంచుకుంటారో చూడడం మూడవది. ఏ మార్గంలో, ఏ సర్వీసులో వెళ్తారో చూడడం నాలుగవది. జనాభా, ఆదాయం, దూరం, ప్రయాణ కాలం, ఛార్జీ ఈ లెక్కకు ముడిసరుకు.

కొత్త హైస్పీడ్ మార్గానికి ప్రయాణికులు మూడు వైపుల నుండి వస్తారు. ఇప్పటికే బస్సులోనో, సాధారణ రైలులోనో, విమానంలోనో వెళ్తూ కొత్త రైలుకు మారేవారు మొదటి వర్గం. జనాభా, ఆదాయాల పెరుగుదల వలన కాలక్రమంలో చేరేవారు రెండవ వర్గం. ఇంతకు ముందు అసలు ప్రయాణం చేయక, సౌకర్యం ఏర్పడిన తరువాత బయలుదేరేవారు మూడవ వర్గం. మొదటి వర్గాన్ని టిక్కెట్ల లెక్కతో పట్టుకోవచ్చును. మూడవ వర్గాన్ని ఏ రికార్డూ చూపదు. అందుచేత ప్రజలను నేరుగా ప్రశ్నించి, "ఇంత ఛార్జీకి ఇంత సమయం ఆదా అయితే మీరు మారుతారా?" అని అడిగి తెలుసుకునే సర్వేలపై ఆధారపడవలసి ఉంటుంది. సర్వేలో "మారుతాము" అని చెప్పిన వారందరూ టిక్కెట్టు కొనే రోజున మారరు. ఈ తేడాను సరిచేయడంలోనే అంచనా వేసేవారి నిజాయితీ బయటపడుతుంది.

ఇతర దేశాల అనుభవం

బెంట్ ఫ్లుబ్యెర్గ్, సహ పరిశోధకులు 14 దేశాలలోని 210 రవాణా ప్రాజెక్టులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో తరచుగా ప్రస్తావనకు వస్తుంది. పరిశీలించిన రైలు ప్రాజెక్టులలో ప్రతి పదింటిలో తొమ్మిదింటికి ప్రయాణికుల అంచనా వాస్తవం కన్నా ఎక్కువగా ఉన్నదని, సగటున ఆ అంచనా వాస్తవ సంఖ్యకు రెట్టింపుకు పైగా ఉన్నదని అది తేల్చినది.

అయితే విజయవంతమైన మార్గాలూ కలవు. జపానులో టోక్యో–ఒసాకా షింకన్‌సెన్ 1964 అక్టోబరు 1న ప్రారంభమైనది. దానికి 1961లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్ల రుణం ఇచ్చినది. అప్పటికే పాత టొకాయిదో మార్గం రైళ్లతో కిక్కిరిసి ఉన్నది. అనగా అక్కడ గిరాకీ ఊహించినది కాదు, కళ్లకు కనిపించినది. చైనాలో 2011 జూన్ 30న ప్రారంభమైన 1,318 కిలోమీటర్ల బీజింగ్–షాంఘై మార్గం కూడా దేశంలోని అత్యంత రద్దీ గల ప్రాంతాలను కలిపినది. చైనా హైస్పీడ్ ఛార్జీలు ఇతర దేశాల ఛార్జీలలో సుమారు నాలుగవ వంతు మాత్రమేనని 2019 నాటి ప్రపంచ బ్యాంకు నివేదిక పేర్కొన్నది. మధ్య ఆదాయ వర్గాలు ఎక్కగల ఛార్జీ అక్కడి రద్దీకి ఒక ముఖ్య కారణం.

తైవాన్‌లో 2007లో ప్రారంభమైన మార్గంపై తొలి ఏడాది సుమారు 1 కోటి 55 లక్షల మంది ప్రయాణించారు. ఇది ముందుగా వేసుకున్న అంచనాలకు చాలా దిగువన నిలిచినది. నిర్వహణ సంస్థ ఆర్థిక ఇబ్బందులలో పడి, ప్రభుత్వం కల్పించుకోవలసి వచ్చినది. 2019 నాటికి ప్రయాణికుల సంఖ్య 6 కోట్ల 70 లక్షలు దాటినది. గిరాకీ రాకపోలేదు, ఆలస్యంగా వచ్చినది. అప్పు వాయిదాలు మాత్రం గిరాకీ కోసం ఆగవు.

ఇండోనేషియాలో 2023 అక్టోబరులో మొదలైన 142 కిలోమీటర్ల జకార్తా–బాండుంగ్ రైలు మరొక పాఠం చెబుతున్నది. రెండు నగరాల నడుమ రైలు ప్రయాణ కాలం ఒక గంటకు లోపే. అయితే స్టేషన్లు నగర కేంద్రాలకు దూరంగా ఉండుటచేత, బాండుంగ్ వెళ్లేవారు పాదలరంగ్‌లో దిగి అనుసంధాన రైలు ఎక్కవలసి వస్తున్నది. 2024లో ప్రయాణికుల సంఖ్య సుమారు 60 లక్షల వద్ద నిలిచినది. ఇది ముందస్తు అంచనాల కన్నా చాలా తక్కువ. మొరాకోలో 2018 నవంబరులో ప్రారంభమైన టాంజియర్–కాసాబ్లాంకా రైలు కొత్త మార్గాన్ని కెనిత్ర వరకు మాత్రమే నిర్మించి, అక్కడి నుండి పాత పట్టాలనే వాడుకొని నగరం నడిబొడ్డుకు చేరుతుంది. 2019లో దానిపై సుమారు 30 లక్షల మంది ప్రయాణించారు. ఖర్చు తగ్గినది, స్టేషన్ దగ్గరైనది.

మన దేశంలో కనిపించిన గిరాకీ

దేశంలో నిర్మాణంలో ఉన్న తొలి హైస్పీడ్ మార్గం ముంబయి–అహ్మదాబాదు. దీని పొడవు 508 కిలోమీటర్లు, స్టేషన్లు 12. శంకుస్థాపన 2017 సెప్టెంబరు 14న జరిగినది. అధ్యయన దశలో ఛార్జీని ఏసీ మొదటి తరగతి ఛార్జీకి సుమారు ఒకటిన్నర రెట్లుగా భావించి లెక్కలు వేశారు. ఆ ఛార్జీని భరించగలవారు ఒక్కొక్క ప్రాంతంలో ఎంతమంది ఉన్నారన్నది అక్కడి గిరాకీని నిర్ణయిస్తుంది.

మన ప్రాంతంలో వేగానికి గిరాకీ కలదనుటకు వందే భారత్ రైళ్లు ఒక నిదర్శనం. నల్గొండ, గుంటూరు, ఒంగోలు, నెల్లూరు మీదుగా నడిచే సికింద్రాబాదు–తిరుపతి వందే భారత్ రైలు 2023 ఏప్రిల్ 8న 8 పెట్టెలతో ప్రారంభమైనది. రద్దీ కారణంగా అదే సంవత్సరం మే 17 నుండి దానిని 16 పెట్టెలకు పెంచారు. సీట్ల సంఖ్య 530 నుండి 1,128కి పెరిగినది. చెన్నై–విజయవాడ వందే భారత్ రైలు 2023 సెప్టెంబరు 24న ప్రారంభమై నెల్లూరులో ఆగుతున్నది.

అయితే ఈ రెండు రైళ్లు పాత పట్టాలపైననే నడుస్తున్నవి. వాటి ఛార్జీ హైస్పీడ్ ఛార్జీ కాదు. వందే భారత్ నిండినంత మాత్రాన అంతకు రెండు మూడు రెట్ల ఛార్జీ గల రైలు కూడా నిండుతుందని నిర్ధారించరాదు. వేగంపై ఉన్న కోరికకు, వేగానికి చెల్లించగల శక్తికి మధ్య దూరాన్ని కొలవడమే అసలైన అంచనా.

పశ్చిమ నెల్లూరు: టిక్కెట్టు లెక్కకు అందని ప్రయాణాలు

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి నెల్లూరు జిల్లా జనాభా 29,63,557. మద్రాసు–విజయవాడ రైలు మార్గం 1899లో పూర్తయినప్పటి నుండి జిల్లా తూర్పు భాగమైన గూడూరు, నెల్లూరు, కావలి పట్టణాలకు రైలు సౌకర్యం కలదు. వెలిగొండల దాపున ఉన్న పడమటి మెట్ట ప్రాంతం మాత్రం బస్సుపై ఆధారపడి ఉన్నది. నెల్లూరుకు ఆత్మకూరు సుమారు 60 కిలోమీటర్లు, ఉదయగిరి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నవి. ఆత్మకూరు 67వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. రెండు పట్టణాలలోనూ ఆర్టీసీ డిపోలు కలవు.

ఈ పరిస్థితిలో రైల్వే టిక్కెట్ల రికార్డు ఏమి చూపుతుంది? ఉదయగిరి నుండి హైదరాబాదు వెళ్లే కుటుంబం నెల్లూరుకో కావలికో బస్సులో వచ్చి రైలెక్కితే, ఆ ప్రయాణం నెల్లూరు లేదా కావలి ఖాతాలో పడుతుంది. రాత్రి బస్సులో నేరుగా వెళ్తే రైల్వే ఖాతాలోకే రాదు. వెళ్లలేక ఇంట ఉండిపోతే ఏ ఖాతాలోనూ కనిపించదు. అందుచేత రైల్వే రికార్డు ప్రకారం పశ్చిమ నెల్లూరు గిరాకీ దాదాపు శూన్యం. సౌకర్యం లేనందున ప్రయాణికులు లేరు, ప్రయాణికులు లేరు గనుక సౌకర్యం అవసరం లేదు అనే వలయం ఇక్కడ ఏర్పడుతుంది. వర్ధమాన దేశాలలో గిరాకీ అంచనాకు ఉన్న ప్రధాన లోపం ఇదే.

ఈ ప్రాంతపు ప్రయాణాలు పలు రకాలు. వర్షాలు సరిగా పడని మెట్ట మండలాల నుండి కూలి పనులకు, భవన నిర్మాణ పనులకు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాలకు వలస వెళ్లేవారున్నారు. పెద్ద ఆసుపత్రులకు, ఉన్నత చదువులకు వెళ్లేవారున్నారు. ఆత్మకూరుకు సమీపంలోని అనుమసముద్రంపేట దర్గాకు పొరుగు రాష్ట్రాల నుండి కూడా భక్తులు వస్తారు. రాపూరు మండలంలోని పెంచలకోన నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు వైశాఖ మాసంలో జరుగుతాయి. నగరానికి నగరానికి మధ్య ప్రయాణాలనే లెక్కించే నమూనాలలో ఇవి కనిపించవు. పండుగకు ముందు వారంలో సర్వే చేస్తే ఒక సంఖ్య, వ్యవసాయ పనుల రోజులలో చేస్తే మరొక సంఖ్య వస్తుంది.

ఛార్జీ తగ్గితే ప్రయాణాలు ఎంత పెరుగుతాయో చూపగల సమాచారం ఇప్పుడు రాష్ట్రంలోనే లభ్యమవుతున్నది. 2025 ఆగస్టు 15న ప్రారంభమైన 'స్త్రీ శక్తి' పథకం క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ తదితర ఆర్టీసీ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించారు. ప్రతి ప్రయాణానికి జీరో టిక్కెట్టు జారీ అవుతుంది గనుక ఆ ప్రయాణాలు రికార్డులో నిలుస్తున్నవి. పథకానికి ముందు, తరువాత ఒకే మార్గంలోని టిక్కెట్లను పోల్చిన యెడల, ఛార్జీ కారణంగా అణగి ఉన్న గిరాకీ ఎంతో కొంతవరకు తెలియగలదు.

ఇంటి నుండి గమ్యం వరకు పట్టే కాలం

హైస్పీడ్ రైలు ప్రకటనలలో స్టేషన్ నుండి స్టేషన్‌కు పట్టే కాలాన్ని చెబుతారు. ప్రయాణికుడు మాత్రం ఇంటి నుండి గమ్యం వరకు పట్టే కాలాన్ని లెక్కిస్తాడు. ఒక ఉదాహరణ తీసుకొందాము. ఇందులోని అంకెలు వివరణ కొరకు తీసుకున్నవి మాత్రమే.

ఉదయగిరి నుండి నెల్లూరుకు బస్సులో రెండున్నర గంటలు, స్టేషన్‌లో వేచి ఉండుటకు 45 నిమిషాలు, నెల్లూరు నుండి హైదరాబాదుకు హైస్పీడ్ రైలులో రెండుంబావు గంటలు అనుకొందాము. మొత్తం ఐదున్నర గంటలు. ఇందులో రైలు ప్రయాణం 135 నిమిషాలు. బస్సు, నిరీక్షణ కలిపి 195 నిమిషాలు. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో రైలు దూసుకుపోయినా, ప్రయాణికుని కాలంలో సగానికి పైగా రైలు వెలుపలే గడుస్తున్నది. ఎంతో వ్యయంతో రైలు వేగాన్ని మరింత పెంచి 20 నిమిషాలు ఆదా చేయవచ్చును. స్టేషన్‌కు వచ్చే దారిని మెరుగుపరచి, రైలు వేళకు కలిసే బస్సు ఏర్పాటు చేసి 40 నిమిషాలు ఆదా చేయవచ్చును. ఉదయగిరి ప్రయాణికునికి రెండవదే ఎక్కువ మేలు.

దీనికి తోడు రాత్రి బస్సుతో పోటీ కలదు. రాత్రి భోజనం చేసి బస్సెక్కినవారు తెల్లవారేసరికి నగరంలో దిగి పనికి వెళ్తారు. వారికి పగటి వేళ నష్టం కాదు, రాత్రి బసకు ఖర్చు కాదు. తొమ్మిది గంటల బస్సు కన్నా ఐదున్నర గంటల రైలు మేలని కాగితంపై తేలవచ్చును గాని, కూలి పనికి వెళ్లేవారికి ఆ మూడున్నర గంటల ఆదా విలువ వారు చెల్లించవలసిన అదనపు ఛార్జీ కన్నా తక్కువ కావచ్చును. ఆసుపత్రి నుండి అదే రోజు తిరిగి రావలసిన రోగికి మాత్రం ఆ ఆదా ఎంతో విలువైనది. కావున 'సగటు ప్రయాణికుని కాలం విలువ' అనే ఒక్క అంకెతో ఈ ప్రాంత గిరాకీ తేలదు.

నడికుడి–శ్రీకాళహస్తి మార్గం: ముందు రావలసిన మెట్టు

పశ్చిమ నెల్లూరుకు రైలు సౌకర్యం కల్పించగల ప్రాజెక్టు నడికుడి–శ్రీకాళహస్తి కొత్త రైలు మార్గం. సుమారు 309 కిలోమీటర్ల ఈ మార్గం 2011-12లో మంజూరైనది. నిర్మాణ వ్యయంలో సగం రాష్ట్ర ప్రభుత్వం భరించి, భూమిని ఉచితంగా సమకూర్చే పద్ధతిపై దీనిని చేపట్టారు. పిడుగురాళ్ల, వినుకొండ, దర్శి, పొదిలి, కనిగిరి, పామూరు ప్రాంతాల మీదుగా వచ్చి, వరికుంటపాడు, వింజమూరు, ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి ప్రాంతాల గుండా శ్రీకాళహస్తి చేరవలసి ఉన్నది. ఇది ఉదయగిరి పట్టణాన్ని నేరుగా తాకకపోయినా అదే నియోజకవర్గంలోని మండలాల గుండా వెళ్తుంది. ఉత్తర భాగంలో పిడుగురాళ్ల–శావల్యాపురం మధ్య 46 కిలోమీటర్లు, తరువాత గుండ్లకమ్మ–దర్శి భాగం పూర్తయినవి. నెల్లూరు జిల్లా ప్రజలు తమ భాగం కోసం ఎదురుచూస్తున్నారు.

వెలిగొండలలో రైలు మార్గం సాధ్యమేననుటకు ఓబులవారిపల్లె–కృష్ణపట్నం మార్గం సాక్ష్యం. ఈ మార్గంలో చెర్లోపల్లి–రాపూరు మధ్య నిర్మించిన సుమారు 6.6 కిలోమీటర్ల విద్యుదీకృత సొరంగాన్ని 2019 సెప్టెంబరు 1న నాటి ఉపరాష్ట్రపతి శ్రీ ఎం. వెంకయ్యనాయుడు జాతికి అంకితం చేశారు. ఓడరేవుకు సరుకు చేరవేయుట దీని ప్రధాన లక్ష్యం. సరుకు గిరాకీ టన్నులలో స్పష్టంగా కనిపించినందున ఆ మార్గానికి సమర్థన సులభమైనది. ప్రయాణికుల గిరాకీ అంత స్పష్టంగా కనిపించదు.

ప్రత్యామ్నాయ మార్గంగానూ నడికుడి–శ్రీకాళహస్తికి విలువ కలదు. 2021 నవంబరు వరదలలో నెల్లూరు సమీపంలోని పడుగుపాడు వద్ద పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయి, చెన్నై–విజయవాడ ప్రధాన మార్గంలో రైళ్లు నిలిచిపోయినవి. ఎన్నో రైళ్లను రద్దు చేయవలసి వచ్చినది, మరికొన్నింటిని దారి మళ్లించవలసి వచ్చినది. ఒక మార్గం తెగినప్పుడు మరొకటి ఉండుట వలన కలిగే ప్రయోజనం రోజువారీ ప్రయాణికుల అంచనాలో చేరదు. అయినను అది ప్రయోజనమే.

హైస్పీడ్ రైలుకు, ఈ సాధారణ మార్గానికి పోటీ లేదు. ఆత్మకూరు నుండి ఏదో ఒక జంక్షన్‌కు రైలులో గంటలో చేరగలిగిననాడు, హైస్పీడ్ స్టేషన్ ఎక్కడ వచ్చినా దాని ప్రయాణికులలో ఆత్మకూరు ప్రజలు చేరుతారు. అది లేనినాడు హైస్పీడ్ మార్గం తమ జిల్లా గుండా వెళ్లినా, వారికి అది పొలాల పక్కన కనిపించి పోయే రైలుగానే మిగులుతుంది.

అంచనాలో పరిశీలించవలసిన అంశాలు

1. ఆధార సంవత్సరం: 2011 తరువాతి జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా నిర్ణయించారు. అంతవరకు వాడే జనాభా, వలస లెక్కలు పాతవేనన్న సంగతి నివేదికలో స్పష్టం కావలెను.

2. బస్సు సమాచారం: ఉదయగిరి, ఆత్మకూరు డిపోల టిక్కెట్టు యంత్రాల సమాచారంతో పాటు ప్రైవేటు బస్సుల రాకపోకలనూ లెక్కలోకి తీసుకొనవలెను.

3. ఋతువులు: పండుగలు, ఉరుసు, బ్రహ్మోత్సవాలు, వలసలు, పంట కాలం – కనీసం మూడు వేర్వేరు కాలాలలో సర్వే జరుపుట అవసరం.

4. ఛార్జీ: ఒకే ఛార్జీ కాక, మూడు నాలుగు ఛార్జీల వద్ద ఎంతమంది ఎక్కుతారో వేర్వేరుగా చూపవలెను.

5. స్టేషన్ చేరిక: రైలు కాలం, చేరిక కాలం, నిరీక్షణ కాలం విడివిడిగా ఇవ్వవలెను.

6. కనిష్ఠ అంచనా: ప్రయాణికులు అనుకున్నదానిలో సగమే వచ్చినచో రుణ వాయిదాలు ఎవరు, ఏ నిధుల నుండి చెల్లిస్తారో ముందే తెలుపవలెను.

7. ప్రత్యామ్నాయాల పోలిక: అదే వ్యయంతో సాధారణ మార్గాలు, రెండవ, మూడవ లైన్లు నిర్మించిన ఎడల ఎంతమందికి ఎంత కాలం ఆదా అవుతుందో పక్కపక్కన చూపవలెను.

పాత్రికేయ మిత్రులు ఏ ప్రాజెక్టు నివేదికను పరిశీలించినా, రోజుకు ఇంతమంది ప్రయాణికులు అన్న ఒక్క అంకెతో ఆగక, అది ఏ సంవత్సరానికి వేసిన అంచనా, ఒక దిశకా రెండు దిశలకా, ఎంత ఛార్జీకి అన్న మూడు ప్రశ్నలు అడుగుట మంచిది. ఈ మూడింటికి సమాధానం లేని అంకెను వార్తలో వాడుట పాఠకులను తప్పుదారి పట్టించగలదు.

సారాంశం

హైస్పీడ్ రైలుకు మన ప్రాంతంలో గిరాకీ లేదని చెప్పుట తగదు, ఉన్నదని ముందే నిర్ణయించుట అంతకన్నా తగదు. జపాను, చైనాలలో మార్గం నిండుటకు కారణం అప్పటికే ఉన్న రద్దీ, జనం భరించగల ఛార్జీ. తైవాన్, ఇండోనేషియాలలో అంచనా తప్పుటకు కారణం కాగితంపై పెరిగిన సంఖ్యలు, దూరమైన స్టేషన్లు. ఉదయగిరి, ఆత్మకూరు వంటి ప్రాంతాలలో గిరాకీ టిక్కెట్లలో కాక బస్టాండులో, దర్గా వద్ద, వలస కూలీల సంచులలో, ఆసుపత్రికి వెళ్లలేక ఆగిపోయిన ఇళ్లలో కనిపిస్తుంది. దానిని లెక్కించుటకు గ్రామాలకు వెళ్లి అడుగుట మినహా మార్గాంతరం లేదు. ఆ లెక్క సరిగా జరిగిననాడు, గంటకు ఎన్ని కిలోమీటర్ల రైలు కావాలన్న ప్రశ్నకు ముందే, ఇంటి నుండి స్టేషన్‌కు ఎంతసేపు పడుతుందన్న ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.